ఎర్రదిన్నె సిపాయి

ఉచ్చీరప్ప హనుమంతుని తోకకు చివరి మెత్తు సిమెంటు పెడుతుండగా భార్య మల్లేశ్వరి షెడ్డు వాకిట్లోకి వచ్చి నిలబడింది. తోకలోని ఇనుపచువ్వ వంగవలసినదానికంటే కొంచెం ఎక్కువ వంగి, కొస పోయి దేవుని చెవికి తగులుతోంది. చువ్వను వెనక్కి లాగితే నడుము దగ్గర బీటవారుతుంది. లాగకపోతే హనుమంతుడు తోకతో చెవి గోక్కుంటున్నట్టు ఉంటుంది. ఉచ్చీరప్ప కాసేపు ఆలోచించి, చెవినే కొంచెం చెక్కి చిన్నది చేశాడు.

"ఇంగ లెయ్యయ్యా. కాగిన నీళ్ళు సల్లారిపోతాండాయి. ఈ పొద్దన్నా మనిషి మాదిరి పో," అంది మల్లేశ్వరి.

"తోకకు తడి బట్ట సుట్టి వస్తానే."

"సుట్టు, సుట్టు. ఆ సారోళ్ళు వచ్చేది హనుమంతుని తోక సూడనీకే గదా!"

ఎమ్మిగనూరులో మగ్గాల వీధులు దాటి ఆదోని రోడ్డెక్కగానే ఎడమచేతి పక్క కనిపించే రేకుల షెడ్డు ఉచ్చీరప్పది. ముందు బల్ల మీద తలలు వరసగా ఉంటాయి. వెనక గోడకు మొండేలు ఆనించి ఉంటాయి. తల ఎవరిదో చెబితే చాలు, మొండెం సిద్ధం. నాయకుడు ఏ పార్టీవాడైనా పొట్ట అచ్చు ఒకటే. చెయ్యి పైకెత్తాలా, రెండు చేతులూ జోడించాలా అన్నది మాత్రం ఊరివాళ్ళు తేల్చుకుని రావాలి. దేవుళ్ళకు మాత్రం అచ్చులు వాడడు, చేత్తోనే తీరుస్తాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. బక్కపలచని ఒళ్ళు, ముందుకు వంగిన మెడ. ఏళ్ళ తరబడి సిమెంటులో నాని చేతులు తెల్లగా గరుకుబారాయి. వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ బియ్యానికి పోతే మిషను అతన్ని ఉచ్చీరప్ప అని ఒప్పుకోదు.

మద్దికెర దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. మీసాలు రాకముందే ఆళ్ళగడ్డ పోయి రాతిశిల్పుల దగ్గర చేరాడు. చెయ్యి బాగానే తిరిగింది కానీ రాతిపొడి రొమ్ములో చేరి దగ్గు పట్టుకుంది. "రాయి నీకు పడదు, సిమెంటు సూసుకో," అని గురువు పంపించేశాడు. సిమెంటు బొమ్మలవాణ్ణి శిల్పి అనడం ఎవరికీ నోరు రాదు. బొమ్మలాయన అంటారు, లేకపోతే సిమెంటాయన అంటారు. అతను చేసిన బొమ్మలు చుట్టుపక్కల మండలాల్లో కూడలికొకటి ఉన్నాయి. ప్రతి బొమ్మ కిందా పాలరాతి పలక ఉంది. ఆవిష్కరించినవాళ్ళ పేర్లు, ఆధ్వర్యం వహించినవాళ్ళ పేర్లు, ఒక బస్తా సిమెంటు ఇచ్చి రెండు బస్తాల మాట చెప్పినవాళ్ళ పేర్లు అన్నీ దాని మీద ఉంటాయి. ఉచ్చీరప్ప పేరు ఏ పలక మీదా లేదు. దాని గురించి ఎన్నడూ నోరు తెరవలేదు గానీ, ఏదైనా ఊళ్ళో బస్సు ఆగితే కిటికీలోంచి తొంగిచూసి పలక చదువుకోవడం మాత్రం మానలేదు.

ఇన్నాళ్ళకు పేరు వచ్చే దారి ఒకటి కనబడింది. సికింద్రాబాదులో మాజీ సైనికుల సంస్థ ఒకటి సిపాయిల బతుకు మీద వచ్చే కథలకూ, చరిత్ర పుస్తకాలకూ, నాటకాలకూ, బొమ్మలకూ ఏటా బహుమతులిస్తుంది. ఆదోనిలో హైస్కూలు పంతులుగా చేసి రిటైరైన శ్రీపాదరావు, ఈ సీమ నుంచి యుద్ధాలకు పోయినవాళ్ళ చరిత్ర రాసి ఆ సంస్థకు పదే పదే పంపి, పదే పదే భంగపడ్డాడు. ఈ ఏడు తన పుస్తకం పక్కనపెట్టి, ఎర్రదిన్నెలో ఉచ్చీరప్ప చేసిన సిపాయి బొమ్మకు నిలబెట్టిన నాడు తీసిన ఫోటోలు పంపాడు. బొమ్మ వాళ్ళకు నచ్చింది. కళ్ళారా చూసి రమ్మని ఒక కర్నల్ సారును పంపుతున్నారు. ఆయన ఒప్పుకుంటే బొమ్మ పక్కనే శిల్పి పేరు చెక్కిన ఇత్తడి పలక పెడతారు, ఏటా ఒక రోజు అక్కడ సభ చేస్తారు.

"శిల్పి ఉచ్చీరప్ప అని పెద్ద అచ్చరాలతో ఉంటుందప్పా," అని శ్రీపాదరావు ఫోనులో చెప్పినప్పుడు ఉచ్చీరప్ప ఇంకోసారి చెప్పమన్నాడు. ఆ ఫోను మాట మల్లేశ్వరికి ఎన్నిసార్లు చెప్పాడో అతనికే తెలియదు. ఆమె మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నది.

కర్నల్ సారు వచ్చేది మధ్యాహ్నం దాటాక. ఈలోపల పోయి, ఎండకు వెలిసిన రంగు తిరగేసి, బీటలుంటే పూడ్చి ఉంచాలి. ఉచ్చీరప్ప స్నానం చేసి, మల్లేశ్వరి ఇస్త్రీ చేయించి తెచ్చిన తెల్లచొక్కా తొడుక్కుని, సంచిలో రంగుడబ్బాలు, కుంచెలు, బీటలు పూడ్చే ఎంసీలు పొట్లాలు సర్దుకుని ఆదోని బస్సెక్కాడు. దారి చీలే చోట దిగి ఆటో పట్టుకుని ఎర్రదిన్నె చేరేసరికి ఊరు సగం ఖాళీగా ఉంది. పత్తి మొదటి తీతలు పడ్డాయి, నడవగలిగినవాళ్ళంతా చేలల్లో ఉన్నారు.

బడి ముందు మలుపులో బొమ్మ ఉండాలి. అతను నిలబెట్టిన సిపాయి, భుజాన తుపాకి ఆనించి, మెడ నిటారుగా పెట్టి, తూరుపు పొలాల కేసి చూసే సిపాయి. బొమ్మ నిలబెట్టాక మళ్ళీ ఈ ఊరు రాని ఉచ్చీరప్ప ఆటో దిగి, చూసి, సంచి కింద పెట్టేశాడు.

సిపాయి పాదాల నుంచి మోకాళ్ళ దాకా పసుపు. నొసట అరచేతంత కుంకుమ. మెడలో నిమ్మకాయల దండ. తుపాకి గొట్టానికి ఎర్రగుడ్డతో కట్టిన చిన్న చిన్న ఉయ్యాలలు, బిడ్డలు కావాలని మొక్కుకున్నవాళ్ళవి. కళ్ళ మీద మైనంతో అతికించిన వెండి కళ్ళు. ముందర ఇనుపకంచె, గంట, హుండీ డబ్బా. బూట్ల దగ్గర దీపం నూనె కారి కారి నల్లటి మడుగు కట్టింది.

ఆ బొమ్మ ఈరేశుది. ఈ ఊరి సుంకులమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టుకుంది. పట్టాళంలో చేరి, మంచుకొండల్లో రోడ్డు కాపలాలో ఉండగా కొండచరియ విరిగి మీద పడి చనిపోయాడు. ఊరంతా చందాలు వేసుకుని బొమ్మ పెట్టించింది. అంతవరకూ అన్ని ఊళ్ళల్లో జరిగేదే.

తర్వాత జరిగినదానికి మాత్రం ఉచ్చీరప్పే కారణం. బొమ్మకు కళ్ళు దిద్దడం అతనికి ఒక్క తీరుగానే వచ్చు. ఆళ్ళగడ్డలో నేర్చినట్టు, అన్నీ అయ్యాక తలకు గుడ్డ కప్పి, ఎదురుగా అద్దం పట్టి, బొమ్మ ముఖం సూటిగా చూడకుండా అద్దంలోనే చూస్తూ నల్లగుడ్లు దిద్దుతాడు. గుడ్డ తీయగానే ముందు అద్దం, తర్వాత ఆవు, తర్వాత పండ్లు చూపిస్తాడు. దేవుళ్ళకు చేసే పని అది. రాజకీయ నాయకులకూ అదే చేశాడు. వాళ్ళను జనం బతికుండగానే బాగా ఎరుగుదురు కాబట్టి ఎవరూ పొరబడలేదు. ఎర్రదిన్నెలో మాత్రం ఆవును తెస్తుంటే ఆడవాళ్ళు చూశారు, నిమ్మకాయ కోస్తుంటే చూశారు. కళ్ళు తెరిచినవాడు దేవుడు కాక మరేమవుతాడు? ఆ వారంలోనే ఎవరి పిల్లవాడికో బొమ్మ చుట్టూ తిప్పితే జ్వరం తగ్గింది. పట్టాళం సెలక్షన్లకు పోయే కుర్రాళ్ళు బూట్లు మొక్కిపోతే ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి. ఇంకేం కావాలి?

"యాడికి, యాడికి? కంచె దాటొద్దు," అంటూ ఎర్రిస్వామి వచ్చాడు. ఒకప్పుడు మలుపులో సైకిళ్ళకు పంచర్లు వేసేవాడు. ఇప్పుడు భుజాన కాషాయం తువ్వాలుంది. పూజారిగా అతన్ని ఎవరూ పెట్టలేదు, ఎవరూ వద్దనలేదు.

"నేనప్పా ఎర్రిస్వామీ, బొమ్మ చేసినోన్ని. సారోళ్ళు వస్తాండారు. ఈ పసుపంతా కడిగి రంగెయ్యాల."

"చేసినోనివే, కాదన్న్యానా! కండ్లు తెరిసినంక నీకూ మాకూ ఒకటే మడి. తానం చేసి తడిబట్టతో రా. అయినా పసుపు కడుగుతానంటావేందప్పా, సామికి?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఉచ్చీరప్ప బడి గోడ నీడకు పోయి కూర్చున్నాడు. కర్నల్ సారు వచ్చి ఈ ఉయ్యాలలు, ఈ నిమ్మకాయలు చూస్తే ఇంక పలకా లేదు, పేరూ లేదు. పొద్దున మల్లేశ్వరి కాలరు సరిచేసి నవ్విన నవ్వు గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

పక్కన అలికిడైతే చూశాడు. గోడకు ఆనుకుని, ఒళ్ళో స్టీలు క్యారియర్ పెట్టుకుని సుంకులమ్మ కూర్చుని ఉంది. ఎండకు మాడిన సన్నటి మనిషి. తాళ్ళలా వేలాడే ఖాళీ చెవితమ్మెలు.

"ఏమప్పా బొమ్మలాయనా, బాగుండావా?" అంది.

"ఉండానక్కా. నువ్వేంది, ఈడ దూరంగా కూకున్న్యావు?"

"ఇంతకంటే దగ్గరికి యాడ పోనిస్తారు నన్ను? క్యారేజీలో కోడికూర ఉండాది. ఎర్రిస్వామి వాసన పట్టినాడు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వాడు పుట్టిన దినమప్పా ఈ పొద్దు. జొన్నరొట్టె, కోడికూర ఉంటే సాలు, ఇంగేం అడగడు. ఈరన్న అంశంట, నీసు ముట్టడంట. మొన్న కాళ్ళు పట్టుకుందామని పోతే తడిబట్ట ల్యాకుండా తాకొద్దన్న్యారు. నా కడుపున పుట్టినోన్ని తాకనీకి నాకు మడి కావాల్నంట."

ఉచ్చీరప్పకు తప్పు తనదేనని తెలుసు.

"అమాస వస్తాండాది గదా," అందామె మళ్ళీ. "పెద్దల అమాస. మా అత్తకు, మామకు, ఆయనకు అందురికీ పెడతా. వీనికి పెడతానంటే ఊరోళ్ళు ఒప్పుకోరు. సామికి యాడన్నా పిండం పెడతారా, ఊరికి అరిష్టం అంటారు. అందురికీ దేవుడైనాడు సరే. నాకు మాత్రం సచ్చిపోనన్నా పోల్యా వాడు."

"అక్కా..."

"పెట్టెలో తెచ్చినారు, నీకు తెల్సు గదా. మూత తెరవనియ్యలే. సూడలేవమ్మా అన్న్యారు. కండ్లు మూసిన మొగం నేను సూడలేదప్పా వానిది. కన్నదాన్ని, నా చేత్తో రెప్పలు మూయలే. ఈడికొస్తే వాడు కండ్లు తెరుసుకోనే ఉంటాడు. ఎండల్యా, వానల్యా, రెప్ప ఎయ్యడు." ఆమె క్యారియర్ పక్కన పెట్టింది. "తెరిసినోనివి నువ్వే గదా. మూయనీకి రాదా?"

ఉచ్చీరప్ప లేచి కంచె దాకా పోయి, బొమ్మను చూసి వచ్చాడు.

"వస్తుందక్కా," అన్నాడు చివరికి. "రేపు వచ్చి మూస్తా. ఈ ఒక్కదినం ఓర్సుకో. సారోళ్ళు సూసి పోనీ."

"సరే నాయినా. ఇన్ని దినాలు ఉన్న్యా. ఒక దినం లెక్కనా?"

ఆమె అంత సులువుగా ఒప్పుకుంది. రేపు అనే మాట నోట్లోంచి వచ్చిందే గానీ, అది అబద్ధమని అతనికి తెలుసు. కర్నల్ ఒప్పుకుంటే పలక వస్తుంది. పలక వస్తే సభలు, ఫోటోలు, పెద్దమనుషులు. బహుమతి వచ్చిన బొమ్మ మీద ఆ తర్వాత ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు, చేసినవాణ్ణయినా సరే. ఈరేశు ఇంక కళ్ళు మూసేది లేదు. మూస్తే ఈ మధ్యాహ్నమే మూయాలి. లేదంటే పేరు తీసుకుని ఇంటికి పోవాలి. రెండూ ఒక చేత్తో పట్టుకోవడానికి లేదు.

ఉచ్చీరప్ప సాధువేమీ కాదు. పేరు కావాలనే ఉంది. ఇత్తడి పలక ఎట్లా ఉంటుందో, అక్షరాలు ఎంత లోతుగా చెక్కుతారో అన్నీ ఊహించుకున్నాడు. లేచి ఆటోల దగ్గర దాకా పోయాడు, కుళాయి దగ్గర నీళ్ళు తాగాడు, మళ్ళీ వచ్చాడు. సుంకులమ్మ అదే చోట, అదే తీరుగా కూర్చుని ఉంది. ఆమె చూపు బొమ్మ మీద లేదు, నేల మీద ఉంది. కొడుకు ముఖం చూడలేక తల దించుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయిందని అప్పుడు తెలిసింది అతనికి. తెల్లచొక్కా విప్పి మడిచి సంచిలో పెట్టాడు.

"ఎర్రిస్వామీ, ఒక బిందె తేప్పా. మామిడాకులు, టెంకాయ, పసుపుదారం కూడా తే," అన్నాడు.

"ఏంటికి?"

"సామిని కలశంలోకి దించాల."

ఎర్రిస్వామి నోరు తెరిచాడు. గుళ్ళల్లో విగ్రహాన్ని బాగుచేయాలంటే ముందు అందులోని దైవకళను కలశంలోకి దించి, వేరే చోట నిలిపి పూజ చేస్తారని, ఆ తర్వాతే ఉలి ముట్టిస్తారని ఉచ్చీరప్ప నిమ్మళంగా చెప్పాడు. ఆళ్ళగడ్డలో ఉండగా చూశాడు. ఈ బొమ్మ కూడా రంగు పోయింది, బీటలిచ్చింది, ముట్టక తప్పదు.

"మళ్ళా బొమ్మలోకి ఎప్పుడెక్కిస్తావు?"

"ఎక్కించను. ఊరి పొలిమేరన వేపచెట్టు కింద రాయి ఉండాది గదా, ఆ రాతిలో నిలుపు. సామి నీ చేతిలో ఉంటాడు, నువ్వే పూజారివి. దేవున్ని నీకిస్తా. మనిషిని ఆమెకిస్తా."

ఎర్రిస్వామి సుంకులమ్మ కేసి చూశాడు. చెడ్డవాడేమీ కాదు. ఈరేశు, అతనూ ఒకే బడిలో చదివారు. ఆ పిల్లవాడి సైకిలుకు ఎన్ని పంచర్లు వేశాడో. కాసేపు తువ్వాలు అంచు నలిపి, "ఊరోళ్ళు నన్ను తంతే?" అన్నాడు.

"కడవ నీ నెత్తిన ఉంటే యట్ల తంతారప్పా?"

అదీ నిజమే. ఎర్రిస్వామి బిందె కోసం పోయాడు.

ఎర్రిస్వామి తిరిగొచ్చి కొట్టిన గంట వినబడి ఇళ్ళల్లో ఉన్న ముసలివాళ్ళు, బాలింతలు వచ్చి చేరారు. చంకన బిడ్డ ఉన్న ఒకామె గట్టిగానే అడిగింది: "మా పిల్లోనికి జరమొస్తే యాడికి పోవాల?"

"కలశం యాడుంటే ఆడికమ్మా. వేపచెట్టు నీడ కూడా ఉంటుంది," అన్నాడు ఉచ్చీరప్ప. సుంకులమ్మ ఏడవకుండా చూస్తూ ఉంది. ఆమెను చూసి మిగిలినవాళ్ళు నోరు విప్పలేదు.

ఉచ్చీరప్ప కుళాయి కింద తల తడుపుకుని, తడి పంచెతో పీఠం ఎక్కాడు. పసుపుదారం ఒక కొస సిపాయి రొమ్ముకు చుట్టి, రెండో కొస కలశానికి చుట్టాడు. చదవాల్సిన మంత్రాలు ఎప్పుడో మరిచిపోయాడు. అందుకని బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టి తనకు వచ్చిన మాటలే అన్నాడు: "ఈరేశూ, ఇంగ సాలు నాయినా. కావలి శానా కాసినావు. దిగు."

దారం తెంపాడు. ఎర్రిస్వామి కలశం నెత్తికెత్తుకున్నాడు. ఎవరో గంట విప్పి చేతికిచ్చారు. ఆడవాళ్ళు ఉయ్యాలలు విప్పుకుని ఎవరివి వాళ్ళు ఒళ్ళో వేసుకున్నారు. పొలిమేర కేసి అందరూ నడిచారు. గంట చప్పుడు వీధి మలుపు తిరిగి, సన్నబడి, వినబడకుండా పోయింది. దేవుడు ఎర్రదిన్నె బడి మలుపు విడిచిపోయింది అట్లా.

అప్పుడు బిందెలతో నీళ్ళు పోసి పసుపు కడిగాడు. వెండి కళ్ళు ఊడదీస్తే కింద తన చేత్తో దిద్దిన కళ్ళు ఎండ సోకక నిన్న వేసినట్టే నిగనిగలాడుతున్నాయి. అంత మంచి కళ్ళు మళ్ళీ వేయలేడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఎంసీలు ముద్ద పిసికి, పలచగా ఒత్తి, కనురెప్పలా కిందికి దించాడు. జీవితంలో ఎన్నడూ మూసిన కళ్ళు చేయలేదు. దేవుళ్ళూ మూయరు, నాయకులూ మూయరు. చెయ్యి ఆగిపోయింది.

"అక్కా, ఇట్ల రా. వాడు పండుకుంటే యట్లుంటుండె?"

సుంకులమ్మ లేచి వచ్చి పీఠం మీద చెయ్యి పెట్టింది. ఈసారి ఎవరూ వద్దనలేదు. "ఎడమకన్ను సగమే మూస్తాండెనప్పా. చిన్నప్పటిసంది అంతే. మేలుకోనుండాడో, పండుకోనుండాడో తెల్సేది కాదు."

"అట్లే ఉంచాల్నా?"

ఆమె ఆలోచించింది. "వద్దు. రెండూ మూయి. ఈసారన్నా బాగా నిద్రపోనీ."

రెప్పలు గట్టిపడ్డాక ఒంటిరంగు వేసి, సన్నకుంచెతో వెంట్రుకలు దిద్దాడు. నొసటి ముడుత ఒకటి చెరిపేశాడు. దిగి చూస్తే సిపాయి నిలబడే నిద్రపోతున్నాడు, పనిచేసి అలిసినవాడు బస్సులో కడ్డీ పట్టుకుని నిద్రపోయినట్టు. సుంకులమ్మ ముఖం పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత బూట్ల మీద తల పెట్టి, ఊరు వినేటట్టు గొంతెత్తి ఏడ్చింది. అన్నేళ్ళు దాచుకున్న ఏడుపది. ఉచ్చీరప్ప కుంచెలు కడుక్కుంటూ తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆమె ఏడుపు ఆగి, క్యారియర్ మూత తీసి రొట్టె, కూర పీఠం మీద పెట్టాక కారు వచ్చింది. శ్రీపాదరావు ముందు దిగాడు. బొమ్మను చూసి పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ఏమిటప్పా ఇది? ఫోటోలో కళ్ళు..."

కర్నల్ సారు తెల్లటి మీసాల పెద్దమనిషి, చిత్తూరు దిక్కు ఊరు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. "కాపలాలో ఉన్న సిపాయి కళ్ళు మూసుకుంటే మా దగ్గర పెద్ద శిక్ష," అన్నాడు, కోపం లేకుండానే.

"డ్యూటీ దిగినాడు సార్," అన్నాడు ఉచ్చీరప్ప.

కర్నల్ రొట్టె కేసి చూశాడు, సుంకులమ్మ కేసి చూశాడు. సంగతేమిటని అడిగితే సుంకులమ్మే చెప్పింది, పెట్టె గురించి, మూత గురించి. ఆయన విన్నంతసేపూ టోపీ చేతిలో తిప్పాడు. "అట్లాంటి పెట్టెలు నేనూ పంపించానమ్మా," అన్నాడు. ఆమె ఇంట్లోంచి తెచ్చిన మజ్జిగ నిలబడే తాగాడు.

కారెక్కేముందు ఉచ్చీరప్ప దగ్గరికి వచ్చాడు. "పంపిన ఫోటోలో ఉన్నట్టు బొమ్మ ఉండాలి. అది నిబంధన. నేను చూసిందే రాయాలి, తెలుసు కదా?"

"తెల్సు సార్."

"మంచి పని చేశావు. కానీ అది నేను రాసే కాగితంలో పట్టదు," అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

శ్రీపాదరావు మాత్రం వెనక ఆగి, ఉచ్చీరప్పను బస్సు దాకా ఆటోలో దింపుతూ దారంతా గొణిగాడు. "ఎంత పని చేసుకున్నావప్పా! నీ పేరు ఇత్తడి మీద... ఒక్క పూట ఆగి ఉంటే ఏం పోయె?" పోయిందేమిటో శ్రీపాదరావు కంటే ఉచ్చీరప్పకే బాగా తెలుసు. ఎమ్మిగనూరులో దిగాక, చొక్కా సంచిలోనే ఉందని గుర్తొచ్చి రోడ్డు పక్కనే తొడుక్కున్నాడు.

"పేరు రాసుకోనిపోయినారా?" అంది మల్లేశ్వరి, వాకిట్లోనే.

"ల్యా. ఇంగ పేరు రాదు."

అతను జరిగింది చెప్పాడు. ఆమె విని, లోపలికి పోయి సంగటి ముద్ద పెట్టింది. "తిను. నీ పేరు నాకు తెల్సులే," అంది. అంత మాట అన్నందుకు తనే సిగ్గుపడి ఎసట్లో నీళ్ళు పోయడానికి లేచిపోయింది. ఉచ్చీరప్ప తిన్నాడు. బాధ తగ్గలేదు గానీ ఆకలి తగ్గింది.

ఆ ఏడు శిల్పానికి ఇచ్చే బహుమతి ఎవరికీ ఇవ్వలేదని శ్రీపాదరావు తర్వాత ఫోను చేసి చెప్పాడు. పెద్దల అమావాస్యకు సుంకులమ్మ అత్తకు, మామకు, మొగునికి పెట్టిన ఆకుల పక్కన ఈరేశుకూ ఆకు వేసిందని ఎవరో చెప్పారు. ఎర్రిస్వామి వేపచెట్టు కింద రేకుల పందిరి వేశాడట.

శివరాత్రి ముందర, చలి ఇంకా పూర్తిగా పోని ఒక ఉదయం సుంకులమ్మ పోయిందని కబురొచ్చింది. రోగం లేదు, రొష్టు లేదు. ముందురోజు మధ్యాహ్నం కొడుకు బొమ్మ దగ్గర కూర్చుని ఇంటికి పోయి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. ఉచ్చీరప్ప పోయేసరికి మట్టి కప్పేశారు. అందరూ స్నానాలకు చెరువు దారి పట్టారు. అతను ఒక్కడే బడి మలుపు దాకా నడిచాడు. సిపాయి నిద్రలోనే ఉన్నాడు. రెప్పల మీద రంగు అక్కడక్కడా అరిగిపోయింది. చేతులతో తడిమితే అరిగే తీరు అది. బూట్ల పక్కన, రోజూ ఆమె కూర్చునే గోనెపట్ట పరిచినట్టే ఉంది. గాలికి లేచిపోకుండా ఎవరో దాని నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు.